సత్యేంద్రనాథ బోసుగారి లెక్క

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితమును వ్రాయుమని కార్యవర్గము వారు కోరగా, ఎవరిని గూర్చి వ్రాయుదునా యని కొంతకాల మాలోచించితిని. కవులను గూర్చియు, దేశభక్తులను గూర్చియు వ్రాయ సమర్థులు మనలో పలువురు కలరు. గ్రామపు లెక్కలు వ్రాయుచు వయసు గడపిన నాకు, లెక్కించు విధమును మార్చుటచేతనే లోకప్రసిద్ధి గాంచిన యొక పురుషుని చరిత్ర మైనచో తగియుండునని తోచినది. ఆయన సత్యేంద్రనాథ బోసు. బోసు అనగానే మనవారికి నేతాజీ సుభాసుచంద్రులు స్ఫురింతురు. శాస్త్రము చదివినవారికి జగదీశచంద్రులు స్ఫురింతురు. ఈయన ఆ యిరువురును గారు. జగదీశచంద్రుల కడ చదివిన శిష్యులు.

నేటి భౌతికశాస్త్ర పండితులు శ్రమించు తావులలో రెండు మిక్కిలి వింతయైనవి. ఒకటి, ఇంతకంటె చలి యుండజాలదన్న హద్దు దగ్గఱ పదార్థము పొందు స్థితి. రెండవది, వెలుగును సైతము మ్రింగి తిరిగి పోనీయని కృష్ణబిలము. ఒకటి గాజుపాత్రలో పట్టునంతటిది. రెండవది నక్షత్రము కూలగా నేర్పడునది. ఈ రెండు చోట్లను నడచు లెక్క యొక్కటే కలదు. ఆ లెక్కను 1924లో ఢాకా పట్టణమున పాఠములు చెప్పుకొను ముప్పదియేండ్ల యధ్యాపకులు వ్రాసిరి.

సత్యేంద్రనాథుడు 1894 జనవరి 1వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. తండ్రి సురేంద్రనాథుడు లెక్కల పనియందు తర్ఫీదు పొంది, ఈస్టిండియా రైల్వే ఇంజనీరింగు శాఖలో ఉద్యోగము చేయువాడు. ఏడుగురు సంతానములో సత్యేంద్రుడు జ్యేష్ఠుడు. తక్కిన యాఱుగురును ఆడుబిడ్డలు. తండ్రి యుదయమున ఉద్యోగమునకు బోవుచు ఇంటి నేలపై సుద్దతో లెక్కలు వ్రాసి పోవుననియు, ఆయన సాయంకాలము తిరిగి వచ్చులోపల బాలుడు వానిని చేసి ముగించుననియు చెప్పుదురు. హిందూ స్కూలులో చదువునప్పుడు ఉపాధ్యాయుడు గణితమున ఈ బాలునకు నూటికి 110 మార్కులు వేసెనని ప్రసిద్ధి. ఇచ్చిన ప్రశ్నలకు జవాబు వ్రాయుటయే గాక, ఒక్కొక్క ప్రశ్నకు రెండు మూడు మార్గములు చూపుటచే నట్లు వేసెనట. నూటికి నూటపది యెట్లు వచ్చునని నేటి తనిఖీదారు లడుగవచ్చును. ఆ యుపాధ్యాయుని నే నయితే తప్పుపట్టను.

పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాల. అచట గురువులు జగదీశచంద్ర బోసును, ప్రఫుల్లచంద్ర రాయియును. సహాధ్యాయి మేఘనాథ సాహా. 1915లో ఎం.ఎస్‌సి. పరీక్షయందు సత్యేంద్రుడు ప్రథముడుగను, సాహా ద్వితీయుడుగను ఉత్తీర్ణులైరి. అంతకుముందు 1914లోనే, ఇరువదియేండ్ల వయసున, ఉషావతీదేవితో వివాహము జరిగెను.

అప్పటికి విశ్వవిద్యాలయ పరిపాలనను చేతబట్టిన ఆశుతోష ముఖర్జీగారు ఈ యువకులను పిలిపించి, క్రొత్తగా పుట్టుచున్న భౌతికశాస్త్రమును బోధింపవలసినదని నియమించిరి. బోధించువారే నేర్చుకొనవలసిన శాస్త్ర మది. గ్రంథములు జర్మను భాషలో నుండెను. మొదటి మహాయుద్ధము నడుచుచుండుటచే జర్మనీనుండి పుస్తకములు వచ్చు మార్గము లేదు. అప్పుడు వారికి దారి చూపినది ఒక ఐరోపీయ పండితుని సొంత పుస్తకాల బీరువా. శివపురము ఇంజనీరింగు కళాశాలలో పనిచేయు బ్రూల్ అను ఆ పండితునకు వృక్షశాస్త్రమునందు ప్రీతి. అయినను ప్లాంకు, బోల్ట్‌జ్‌మను మొదలగువారి భౌతికశాస్త్ర గ్రంథము లాయన కడ నుండెను. బోసుగారును సాహాగారును ఆ పుస్తకములను అరువు తెచ్చుకొని, జర్మను భాషను అభ్యసించి, చదివి, మరుసటి దినమున విద్యార్థులకు చెప్పుచుండిరి. ఈ సంచిక గ్రంథాలయమునకు సంబంధించినది గనుక ఈ ముచ్చటను కొంచెము నిలిపి చెప్పుచున్నాను. ఆ బీరువాకు తాళము వేసియున్నచో తరువాతి కథ జరిగియుండునో లేదో చెప్పజాలము.

1919లో సూర్యగ్రహణ సమయమున ఆంగ్లేయ జ్యోతిశ్శాస్త్రజ్ఞులు కొలతలు తీసి, నక్షత్రముల వెలుగు సూర్యుని దగ్గఱ వంగుచున్నదని తెలిపిరి. ఐన్‌స్టీను మహాశయుని సాపేక్షతా సిద్ధాంతము నిజమయ్యెనని లోకమంతయు మారుమ్రోగెను. అయినను ఆయన మూలవ్యాసములు అప్పటికి ఆంగ్లమున లేవు. బోసుగారును సాహాగారును వానిని అనువదించిరి; మహలనోబిసుగారు పీఠిక వ్రాసిరి; 1920లో కలకత్తా విశ్వవిద్యాలయము ఆ గ్రంథమును ప్రచురించెను. ఆ వ్యాసములకు వెలువడిన మొదటి యాంగ్లానువాదము కలకత్తానుండి వచ్చినదని మనలో ఎందఱెఱుగుదురు? ఆ సిద్ధాంతపు సమీకరణములనుండియే 1916లో జర్మనీ దేశపు ష్వార్జ్‌షీల్డు, నేడు కృష్ణబిలమును వర్ణించుటకు వాడు సమాధానమును రాబట్టియుండెను. కనుక ఆ కొసన కూడ బోసుగారి చేయి ముందే తగిలియున్నది.

1921లో ఢాకా విశ్వవిద్యాలయము వెలసినపుడు బోసుగారు అచట రీడరుగా చేరిరి. పాఠములలో ప్లాంకు సూత్రమును చెప్పవలసి వచ్చెను. కమ్మరి కొలిమిలోని యినుము మొదట ఎఱ్ఱనై, పిదప పసుపువన్నె దాల్చి, మఱింత కాగినచో తెల్లనగును గదా. ఏ వేడికి ఏ రంగు వెలుగు ఎంత పాలు వచ్చునో తెలుపు సూత్రమును 1900లో మాక్సు ప్లాంకు కనుగొనిరి. తేజస్సు ధారవలె గాక గింజలవలె, విడివిడి మోతాదులుగా ఇచ్చిపుచ్చుకొనబడునని యూహించుటచే నది సిద్ధించెను. 1905లో ఐన్‌స్టీను ఒక యడుగు ముందుకు వేసి, వెలుగే కణములుగా నున్నట్లు ప్రవర్తించునని చెప్పిరి. సూత్రము కొలతలతో చక్కగ సరిపోయినది. కాని దానిని సాధించు మార్గము మాత్రము అతుకులబొంత. సగము పాత తరంగసిద్ధాంతము, సగము క్రొత్త కణసిద్ధాంతము. లెక్కలు వ్రాయువారు ఈ బాధ నెఱుగుదురు. చివరి మొత్తము ఖజానా మొత్తముతో సరిపోవును. నడిమి పద్దులలో ఒకచోట వీసెలు, ఒకచోట కిలోలు. తనిఖీకి వచ్చినవారు మొత్తము చూచి సంతకము చేసి పోవుదురు. వ్రాసినవానికి నిద్ర పట్టదు. బోసుగారికిని, తాను నమ్మని మార్గమును విద్యార్థులకు చెప్పుటకు మనసొప్పలేదు.

ఇప్పుడు ఆ లెక్కను చెప్పెదను. చదువరులు కొంచె మోపిక పట్టవలెను. రాముడు, కృష్ణుడు అని ఇద్దఱు అన్నదమ్ములు. ఇంట రెండు గదులు. వారు పడుకొనుటకు ఎన్ని విధములు? ఇద్దఱును తూర్పు గదిలో; ఇద్దఱును పడమటి గదిలో; రాముడు తూర్పున, కృష్ణుడు పడమట; కృష్ణుడు తూర్పున, రాముడు పడమట. మొత్తము నాలుగు. ఇక రెండు రూపాయలు, రెండు బ్యాంకు ఖాతాలు తీసికొందము. రెండును మొదటి ఖాతాలో. రెండును రెండవ ఖాతాలో. ఒక్కొక దాన ఒక్కొకటి. మూడే విధములు. ఏ రూపాయి ఏ ఖాతాలో నున్నదని ఏ గుమాస్తాయు అడుగడు. నిలువలోని రూపాయికి పేరు లేదు. పూర్వపు శాస్త్రజ్ఞులు కణములను అన్నదమ్ములవలె లెక్కించిరి. బోసుగారు వెలుగు కణములను రూపాయలవలె లెక్కించిరి. ఏ కణము ఏ గదిలో నున్నదని గాక, శూన్యమైన గదులెన్ని, ఒక్క కణమున్న గదులెన్ని, రెండున్నవి యెన్ని యని మాత్రమే చూచిరి. అంతటితో ప్లాంకు సూత్రము, తరంగసిద్ధాంతపు అతుకు లేకయే, తిన్నగా వచ్చెను.

నాలుగు మూడైనంత మాత్రమున ఏమి మునిగినదని యెవరైన నడుగవచ్చును. సంఖ్య పెరిగినకొలది తెలియును. పదిమంది మనుష్యులను రెండు గదులలో నుంచుటకు 1,024 విధములు కలవు. వానిలో అందఱును ఒక్క గదిలోనే చేరునవి రెండే. అనగా 512 మార్లకు ఒక మారు. పది రూపాయలను రెండు ఖాతాలలో నుంచుటకు 11 విధములే. వానిలో అన్నియు ఒక్కచోట చేరునవి రెండు. పేరు పోయినంతనే గుంపుగూడు స్వభావ మెంత పెరిగెనో చూడుడు! ఎవరును ఆ కణములను ఒకదాని వైపున కొకటి లాగుట లేదు. లెక్కయే వానిని చేర్చుచున్నది.

ఇందులో విచిత్ర మేమనగా, తాను చేసినది ఇంత క్రొత్తదని బోసుగారికే అప్పుడు తోచలేదు. ఆ సంగతిని వారు తరువాతి కాలమున నిష్కపటముగ చెప్పుకొనిరి. వ్యాసమును ఆంగ్లమున వ్రాసి, 1924 జూన్ 4వ తేదీన ఒక లేఖతో బెర్లినులోని ఐన్‌స్టీనునకు పంపిరి. ప్రచురణయోగ్యమని తోచినచో జర్మను భాషలోనికి మార్పించి అచ్చు వేయింపుడని ప్రార్థించిరి. పరిచయము లేదు; సిఫారసు లేదు; డాక్టరు పట్టము లేదు. నోబెలు బహుమానము పొందిన లోకపూజ్యునకు ఢాకానుండి వచ్చిన కాగితము లవి. ఐన్‌స్టీను చదివిరి. చదివి, మఱియొకరికి అప్పగింపక, స్వయముగ జర్మను భాషలోనికి అనువదించి, తమ ప్రశంసావాక్యమును జోడించి, ఆ యేటనే ప్రసిద్ధ పత్రికలో ప్రచురింపజేసిరి. అంతేకాక, వెలుగునకు చెల్లిన యీ లెక్క పరమాణువులకును చెల్లవలెనని తలచి, వెంటనే తాము వ్యాసములు వ్రాసిరి. తగినంత చల్లార్చినచో పరమాణువులు గుంపులు గుంపులుగా అత్యల్ప తేజస్సుగల ఒక్క గదిలోనికి చేరిపోవునని వానిలో సూచించిరి. అది బోసు–ఐన్‌స్టీను సంఘనన మని పేరొందినది. అప్పటికి దానిని చూచినవారు లేరు.

ఐన్‌స్టీను వ్రాసిన చిన్న కార్డు బోసుగారికి రెండేండ్ల విదేశ విద్యా సెలవును, జర్మనీ ప్రవేశానుమతిని సులభముగ సంపాదించి పెట్టెను. మొదట పారిసునకు పోయిరి. మేడం క్యూరీ ఆదరముతో మాటలాడి, కొంతకాలము ఫ్రెంచి నేర్చుకొని పిదప ప్రయోగశాలకు రమ్మని చెప్పిరట. బోసుగారికి ఫ్రెంచి చక్కగ వచ్చును. కాని ఆ తల్లి మాటలాడుచుండగా అడ్డుచెప్ప సంకోచించి ఊరకుండిరి! 1925లో బెర్లినునకు వచ్చి ఐన్‌స్టీనును దర్శించిరి. ఈ లోపల బోసుగారి రెండవ వ్యాసమునుగూడ ఐన్‌స్టీను అనువదించి అచ్చువేయించిరి గాని, దానితో తాము ఏకీభవింపమని అచటనే వ్రాసిరి. గురువనినచో నట్లుండవలెను. 1926లో బోసుగారు ఢాకాకు మరలిరి. డాక్టరు పట్టము లేనివారికి ఆచార్యపదవి యెట్లిత్తుమను సందేహము రాగా, ఐన్‌స్టీనుగారి సిఫారసు దానిని తీర్చెను.

అటుపై ఆ మొదటి వ్యాసమునకు సాటివచ్చునది బోసుగారు మఱి వ్రాయలేదు. దీనిని కొందఱు లోపముగ నెంచుదురు. నాకట్లు తోచదు. ఆయన పాఠములు చెప్పిరి, ఇతరుల చిక్కులను విప్పిరి, రసాయనశాస్త్రము మొదలు సాహిత్యము వఱకు చదివిరి, ఎస్రాజు వాద్యము వాయించిరి. అచ్చువేయుటయం దాసక్తి తక్కువ. నోబెలు బహుమానము వారికి రాలేదు. ఆ లెక్కపై నిలిచిన పరిశోధనలకు మాత్రము అనంతరకాలమున వచ్చినవి. ఇందలి న్యాయాన్యాయములను పండితులు నేటికిని చర్చించుచున్నారు. అంతకంటె పెద్ద గౌరవము నామరూపమున దక్కినది. 1926లో ఫెర్మి, డిరాకు అను నిరువురు మఱియొక లెక్క కనుగొనిరి. ఎలక్ట్రానుల వంటి కణములు పేరులేనివే యైనను, గదికి ఒకటి కంటె నెక్కువ యుండనొల్లవు. కనుక జగత్తునందలి కణములు రెండు జాతులు. గుంపుగూడు జాతికి డిరాకుగారు బోసు పేరిట బోసాను అని నామకరణము చేసిరి. రెండవ లెక్క చచ్చిన నక్షత్రములను కూలకుండ మోయునది. అది యెంత బరువు వఱకు మోయగలదో మన చంద్రశేఖరులు 1930 ప్రాంతమున గణించి, సూర్యునికి సుమారు 1.4 రెట్లని తేల్చిరి. ఆ హద్దు దాటిన నక్షత్రముల కథయే కృష్ణబిలముల వైపునకు దారితీసినది.

1937లో రవీంద్రనాథ టాగూరు విజ్ఞానశాస్త్రమును గూర్చి వంగభాషలో విశ్వపరిచయ మను గ్రంథమును వ్రాసి, దానిని బోసుగారికి అంకిత మిచ్చిరి. 1945లో బోసుగారు ఢాకా విడిచి కలకత్తా విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. 1948లో వంగీయ విజ్ఞాన పరిషత్తును స్థాపించి, జ్ఞాన్ ఓ బిజ్ఞాన్ అను మాసపత్రికను వెలువరించిరి. శాస్త్రమును తల్లిభాషలో చెప్పవలెననునది ఆయన పట్టుదల. పారిభాషిక పదములు లేవుగదా యను ఆక్షేపణకు ఆయన లొంగలేదు. వాడుకలోనున్న విదేశపదమును అట్లే యుంచుకొని వాక్యమును మాత్రము మనదిగ చేసికొనవచ్చునని యాయన మతము. 1962లో జపానునకు పోయినప్పుడు, అచటి పండితులు గహనమైన శాస్త్రవిషయములను సొంతభాషలోనే చర్చించుట కన్నులార చూచి వచ్చిరి. మనకును ఈ ప్రయత్నము క్రొత్త గాదు. 1906లో హైదరాబాదున వెలసిన విజ్ఞాన చంద్రికా మండలియు, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి కృషియు నిట్టివే. అయినను, ప్రపంచప్రసిద్ధుడైన శాస్త్రజ్ఞుడు తన పేరుప్రతిష్ఠలను పక్కనబెట్టి, గ్రామ బాలుర కొఱకు మాసపత్రిక నడపుట అరుదు. ఆయన సమీకరణము కంటె ఈ పనియే నన్ను ఎక్కువగ నాకర్షించినదని చెప్పుటకు సందేహింపను.

1952 నుండి కొన్నియేండ్లు రాజ్యసభా సభ్యత్వము, 1954లో పద్మవిభూషణము, తరువాత విశ్వభారతి ఉపాధ్యక్షపదవి, 1958లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వము, అటుపై జాతీయాచార్య పదవి వరుసగ వచ్చినవి. 1974 జనవరిలో ఎనుబది యేండ్లు నిండినందుకును, ఆ లెక్కకు ఏబది యేండ్లు నిండవచ్చినందుకును కలకత్తాలో సత్కరించిరి. ఫిబ్రవరి 4వ తేదీన బోసుగారు కన్నుమూసిరి.

సరిగా 25 దినములకు, మార్చి 1వ తేదీన, స్టీఫెను హాకింగు అను ఆంగ్లేయ యువపండితుని వ్యాసము వెలువడెను. కృష్ణబిలము పూర్తిగ నల్లనిది గాదు, కాగిన యినుమువలె అదియు మిక్కిలి స్వల్పముగ ప్రకాశించునని దాని సారము. ఆ వెలుగు యే రంగున ఎంత పాలన్న పట్టిక, ఢాకాలో బోసుగారు సాధించిన ప్లాంకు పట్టికయే. కొలిమికి చెల్లిన లెక్క కృష్ణబిలమునకును చెల్లినది. కాని దానిని చూచుట యెట్లు? సూర్యునంత బరువుగల కృష్ణబిలపు వేడిమి, పరమశీతలపు హద్దుకంటె ఒక డిగ్రీలో పది కోట్ల వంతులకు ఆఱు వంతులు మాత్రమే హెచ్చు. ఆకాశమంతట నిండియున్న ప్రాచీన ప్రభ 2.7 డిగ్రీలు. పట్టపగలు మిణుగురును వెదకుటకంటె నిది కష్టము.

మఱియొక కొసన పని ముందుకు సాగెను. 1995 జూన్‌లో అమెరికా దేశపు కొలరాడో రాష్ట్రమున కార్నెలు, వీమను అను నిరువురు రుబీడియ మను లోహపు పరమాణువులను పది కోట్ల వంతులకు 17 వంతుల డిగ్రీ వఱకు చల్లార్చిరి. 1924–25లో ఐన్‌స్టీను చెప్పినట్లే, అవి ఒక్క గదిలోనికి చేరినవి. సుమారు రెండు వేల పరమాణువులు ఒక్కటియే యైనట్లు మెలగెను. డెబ్బదియేండ్లు కాగితముపై నున్నది కంటికి కనబడెను. అదే యేట కెటర్లె సోడియముతో సాధించిరి. ఆ మువ్వురకును 2001లో నోబెలు బహుమానము వచ్చెను.

ఈ రెండు కొసలను ఒక్కచోట చేర్చిన ప్రయోగ మొకటి కలదు. వరదకాలువలో ఎదురీదు చేపను తలచుకొనుడు. నీటి వేగము చేప వేగము కంటె తక్కువయైనంతవఱకు చేప పైకి పోగలదు. తూము దగ్గఱ నీటి వేగము హెచ్చినచో, ఆ గీత దాటి క్రిందికి జారిన చేప మరల పైకి రాలేదు. చేపకు బదులు శబ్దమును పెట్టినచో అది శబ్దమునకు కృష్ణబిల మగును. ఈ యూహను 1981లో కెనడా పండితులు ఉన్రూ చెప్పిరి. ఇజ్రాయేలు దేశమున హైఫా నగరమందలి స్టైన్‌హవరు, చల్లార్చిన రుబీడియపు సంఘననమును ప్రవహింపజేసి అట్టి గీతను కల్పించిరి. దానినుండి హాకింగు చెప్పిన రీతి సూక్ష్మ శబ్దతరంగములు వెలువడుచున్నట్లు 2016లోను, వాని వేడిమి సిద్ధాంతముతో సరిపోవుచున్నట్లు 2019లోను ప్రకటించిరి. అందఱును వెంటనే ఒప్పుకొనలేదు, తర్కము నడచినది. ఆ శబ్దబిలమునకు వాడిన పరమాణువులు సుమారు 8,000. అన్నియు ఒక్క గదిలో చేరినవే. వానిలో ఏది యేదియో చెప్ప వీలు లేదు.